కొత్త నవల రాకముందు పాఠకులతో ముచ్చట: ఫాంటసీ ప్రేమకథలు రాసేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

నవల పూర్తయింది. కవర్ వచ్చేసింది. ప్రూఫులు చివరి విడతలో ఉన్నాయి. విడుదలకు ముందు పాఠకులతో ఒక గంట ఆన్‌లైన్‌లో, లైవ్‌గా మాట్లాడాలని మీకు అనిపిస్తోంది. తప్పకుండా చేయండి. ఫాంటసీ ప్రేమకథకు ఈ ముచ్చట మిగతా నవలలకన్నా ఎక్కువ అవసరం. కుటుంబ కథ అయితే పాఠకులకు ఆ ఇల్లు, ఆ వీధి ముందే తెలుసు. మీ కథలో మాత్రం వాళ్లు ఎప్పుడూ చూడని లోకంలోకి అడుగుపెట్టాలి. అక్కడి మాయను నమ్మాలి, ఆ మాయ మధ్య ఇద్దరు మనుషుల కోసం బెంగపడాలి. పైగా మన దగ్గర మాయలూ గంధర్వులూ అనగానే చందమామ కథలూ విఠలాచార్య సినిమాలూ గుర్తొస్తాయి. పెద్దవాళ్లు మనసు పెట్టి చదివే ప్రేమకథ అలాంటి లోకంలో ఉంటుందని చాలామందికి వెంటనే తట్టదు. మీరు నోరు విప్పి చెబితే తడుతుంది.

ఈ మార్గదర్శి అంతటికీ ఆధారం ఒకటే సూత్రం. మీ లోకపు నియమం చెప్పండి, ఆ నియమానికి మీ పాత్రలు చెల్లించే మూల్యం చెప్పండి. ఫలితం మాత్రం పుస్తకంలోనే ఉంచండి. కథ మొత్తం దాచేస్తే వినేవాళ్లకు పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అంతా చెప్పేస్తే కొనడానికి కారణం మిగలదు. నియమం, మూల్యం తెలిసిన పాఠకులు మిగతాది తామే ఊహించుకోవడం మొదలుపెడతారు. విడుదల రోజు దాకా వాళ్లను పట్టి ఉంచేది ఆ ఊహే.

1. నవలను నాలుగు వాక్యాల్లోకి తెచ్చుకోండి

మాట్లాడుకోవడానికి ఒక ఊహా నవలను తీసుకుందాం. కాకతీయుల కాలాన్ని పోలిన ఒక రాజ్యం. అందులో ఒక పెద్ద చెరువు. తూము దగ్గర నీళ్లు వదిలే నీరటి చనిపోతే ఆ పని అతని కూతురు చూసుకుంటోంది. ఆ చెరువు అడుగున శాపానికి చిక్కిన గంధర్వుడు ఒకడున్నాడు. చీకటి పడ్డాక అతను గట్టెక్కి రాగలడు. కానీ వచ్చిన ప్రతి రాత్రికీ ఆమె జ్ఞాపకం ఒకటి నీళ్లలో కలిసిపోతుంది. ఏది పోతుందో ఇద్దరికీ ముందుగా తెలియదు.

అసలు పని చేసేవి ఆ చివరి మూడు వాక్యాలే. నియమం అందులో ఉంది, మూల్యం అందులో ఉంది, భయం కూడా అందులోనే ఉంది. శాపం ఎవరిచ్చారు, చెరువుకు గండి పడుతుందా, ఆమె చివరికి అతన్నే మర్చిపోతుందా అన్నవి మాత్రం బయటికి రాలేదు. మీ నవలకు కూడా ఇదే తీరులో, ఇంకా కుదించి నాలుగు వాక్యాలు రాసుకోండి: ఆమె ఎవరు, అతను ఎవరు, నియమం ఏమిటి, మూల్యం ఏమిటి.

రాసుకున్నాక నవల చదవని మనిషికి వినిపించండి. రచయితలకన్నా మామూలు పాఠకులైతే మేలు. వాళ్లు అడిగే మొదటి ప్రశ్నను బాగా గమనించండి. "మరి అతను వస్తే తనకు నష్టమని ఆ అమ్మాయికి తెలుసా?" అన్నారనుకోండి, వాక్యాలు పనిచేశాయి, వాళ్లు అప్పుడే కథలో ఉన్నారు. "గంధర్వుడు చెరువులో ఎందుకుంటాడు?" అన్నారంటే లోకం ఇంకా స్పష్టంగా లేదు. ఒక వాక్యం మార్చి ఇంకొకరికి వినిపించండి. లైవ్‌లో మీరు మొదటి రెండు నిమిషాల్లో చెప్పేది ఇదే కాబట్టి ఇక్కడ తొందరపడొద్దు.

2. రోజు, వేళ, వేదిక

విడుదలకు వారం నుంచి పది రోజుల ముందు పెట్టుకుంటే సరిపోతుంది. నెల ముందు పెడితే వేడి చల్లారిపోతుంది. ముందురోజు పెడితే నలుగురికి చెప్పుకునే వ్యవధి ఉండదు. ముచ్చట నాటికి ప్రీ ఆర్డర్ లింకు (విడుదలకు ముందే పుస్తకం కొనుక్కునే లింకు) తెరిచి ఉండాలి. "పుస్తకం ఎక్కడ దొరుకుతుంది?" అంటే "త్వరలో చెబుతాను" అనే పరిస్థితి రాకూడదు. ఆ ఉత్సాహం మర్నాటికి ఉండదు.

అచ్చు పుస్తకమైతే చాలామంది డిసెంబరులో జరిగే హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కో, జనవరి మొదట్లో మొదలయ్యే విజయవాడ పుస్తక మహోత్సవానికో సిద్ధం చేసుకుంటారు. మీదీ అదే ఆలోచన అయితే ముచ్చట అంతకుముందే ముగించండి. స్టాల్ నంబరు తెలిస్తే అందులోనే చెప్పండి. బుక్ ఫెయిర్ రోజుల్లో పగలంతా జనంతో మాట్లాడి రాత్రి లైవ్‌కు కూర్చుంటే గొంతూ ఉండదు, ఓపికా ఉండదు.

వేళ దగ్గర విదేశాల్లో ఉన్న మనవాళ్లను మర్చిపోవద్దు. మన శనివారం రాత్రి 8 గంటలు దుబాయ్‌లో సాయంత్రం 6:30. వేసవిలో లండన్‌లో మధ్యాహ్నం 3:30, న్యూయార్క్‌లో ఉదయం 10:30, కాలిఫోర్నియాలో ఉదయం 7:30. నవంబరు మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా అమెరికా గడియారాలు ఒక గంట వెనక్కి ఉంటాయి కాబట్టి ఆ నెలల్లో న్యూయార్క్‌కు 9:30, కాలిఫోర్నియాకు 6:30 అని ప్రకటించాలి. ఈ వేళకు సిడ్నీలో అర్ధరాత్రి దాటిపోతుంది. ఆస్ట్రేలియా పాఠకులు ఎక్కువగా ఉంటే మన ఆదివారం ఉదయం 8 గంటలు బాగుంటుంది. సిడ్నీలో మధ్యాహ్నం అవుతుంది, కాలిఫోర్నియాలో శనివారం సాయంత్రమే. ఇక ఇండియా క్రికెట్ మ్యాచ్ ఉన్న రాత్రి, పెద్ద హీరో సినిమా విడుదలైన రోజు, బతుకమ్మ, సంక్రాంతి రోజులు వదిలేయండి.

వేదికకు కొన్ని పరిమితులున్నాయి, ముందే చూసుకోండి. యూట్యూబ్‌లో ఫోన్ నుంచి లైవ్ ఇవ్వాలంటే కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. మొదటిసారి లైవ్ ఆన్ చేశాక అనుమతి రావడానికి 24 గంటల దాకా పట్టవచ్చు. ఇన్‌స్టాగ్రామ్ ఇప్పుడు లైవ్‌కు పబ్లిక్ అకౌంటు, కనీసం 1000 మంది ఫాలోవర్లు అడుగుతోంది. జూమ్ ఉచిత ఖాతాలో 100 మంది, 40 నిమిషాలే. కొత్తగా రాస్తున్నవాళ్లకు, పాఠకులు వందలోపే ఉన్నవాళ్లకు నా సలహా జూమే. మొహాలు కనబడతాయి, గొంతులు వినబడతాయి. 40 నిమిషాలు తక్కువేమీ కాదు, సూటిగా నడిపితే సరిపోతాయి. ప్రతిలిపిలాంటి కథల యాప్‌లో సీరియల్‌గా రాసి వేలమంది పాఠకులను సంపాదించుకున్నవాళ్లకు యూట్యూబ్ మేలు. రికార్డింగు అక్కడే ఉండిపోతుంది, తర్వాత చూసేవాళ్లు లైవ్ చూసినవాళ్లకన్నా ఎక్కువగా ఉంటారు.

3. చెప్పడం, ప్రశ్నలు ముందే అడగడం

ఐదారు రోజుల ముందు ఒక పోస్టర్, ముందురోజు ఒక గుర్తు, గంట ముందు లింకు. ఇంతకన్నా ఎక్కువైతే జనం విసుక్కుంటారు. పోస్టర్ మీద కవర్, తేదీ, వేళ, వేదిక, నాలుగు వాక్యాల్లో నుంచి తీసిన ఒక్క వాక్యం ఉంటే చాలు. "ప్రతి రాత్రికీ ఒక జ్ఞాపకం" అని వేస్తే అందరూ ఆగి చదువుతారు. "అద్భుతమైన ప్రేమకావ్యం" అని వేస్తే ఎవరూ ఆగరు.

ప్రశ్నలు ముందే తెప్పించుకోండి. గూగుల్ ఫారమ్ పెట్టండి, లేకపోతే వాట్సాప్ గ్రూపులో అడగండి. మనవాళ్లలో చాలామందికి నలుగురిలో అడగాలంటే మొహమాటం. లైవ్‌లో నోరు విప్పనివాళ్లు ఫారమ్‌లో మూడేసి ప్రశ్నలు రాస్తారు. పేరు ఇష్టమైతేనే రాయమనండి. ఫోన్ నంబరు అడగొద్దు.

4. పంచేవి, దాచేవి

ఒక కాగితం తీసుకుని మధ్యలో గీత గీయండి. ఎడమవైపు పంచుకునేవి, కుడివైపు దాచుకునేవి.

ఎడమవైపు ధారాళంగా రాయండి. లోకపు నియమం, ఊరి పేరు, ఆమె చేసే పని, అతని స్వభావం, మీరు చదివిన చరిత్ర, వదిలేసిన పాత ముగింపు ఉందన్న సంగతి (అది ఏమిటో కాదు), రాయడానికి కష్టపెట్టిన అధ్యాయం, పక్క పాత్రల్లో మీకు ఇష్టమైనవాళ్లు. తూము తలుపు ఎలా ఎత్తుతారు, ఏ పొలానికి ముందు నీళ్లు వెళ్లాలో ఎవరు నిర్ణయిస్తారు, కరువు ఏడాది తగవులు ఎలా వస్తాయి అన్నది రెండు నిమిషాలు చెప్పి చూడండి, వినేవాళ్లు కదలరు. మాయ నమ్మబుద్ధి కావాలంటే దాని చుట్టూ ఉన్న పని నిజమై ఉండాలి. మీ దగ్గర అలాంటి వివరం ఏదుంటే దాన్ని లైవ్‌లో ఉదారంగా ఖర్చుపెట్టండి.

కుడివైపు కొన్నే ఉండాలి. నాలుగైదు మలుపులు, ముగింపు, ఒకరి అసలు రూపం. దాచేది ఎంత తక్కువైతే అంత గట్టిగా దాచగలరు. ప్రతిదీ రహస్యమే అనుకుంటే మాటమాటకీ తడబడతారు, ఆ తడబాటే గుట్టు బయటపెడుతుంది.

ఇప్పుడు అసలు ముఖ్యమైన పని. కుడివైపు ఉన్న ప్రతి అంశం పక్కనా, ఎవరైనా దాని గురించి అడిగితే చెప్పే జవాబు పూర్తి వాక్యంగా రాసుకోండి. అప్పటికప్పుడు వెతుక్కుంటే నవ్వో మౌనమో వస్తుంది. రెండూ పాఠకులు చదివేస్తారు. "ఆమె అతన్ని మర్చిపోతుందా?" అన్న ప్రశ్నకు, "ఆమె కూడా సగం పుస్తకం దాకా అదే ప్రశ్నతో నిద్రపోదు. ఆమెతో పాటే మీరూ తెలుసుకోండి" అనండి. ఇందులో అబద్ధం లేదు, ఫలితం లేదు, పాఠకురాలికి ఒక కొత్త సంగతి మాత్రం దొరికింది: ఆ భయం ఆమెకూ ఉంది. ఏమీ చెప్పకుండా తప్పించుకునే జవాబుకన్నా ఇలా కొంచెం ఇచ్చే జవాబు ఎప్పుడూ మంచిది. అబద్ధపు జవాబు మాత్రం ఇవ్వకండి. "అబ్బే, ఎవరూ చనిపోరు" అని చెప్పి పుస్తకంలో చంపేస్తే రెండో పుస్తకం నాటికి మీ మాట ఎవరూ వినరు.

5. చదవబోయే భాగాన్ని ఎంచుకోవడం

ముచ్చటలో పాఠకులకు ఎక్కువకాలం గుర్తుండేది మీరు చదివి వినిపించిన భాగం. సుమారు ఐదు వందల మాటలు తీసుకోండి. నిదానంగా చదివితే ఐదు నిమిషాలు పడుతుంది. అంతకు మించితే ఫోన్‌లో వినేవాళ్ల మనసు పక్కకు పోతుంది.

మొదటి అధ్యాయం చదవాలని అందరికీ అనిపిస్తుంది. నేనైతే వద్దంటాను. మొదటి అధ్యాయం ఎలాగూ నమూనాగా ఉచితంగా దొరుకుతుంది. అందులో సాధారణంగా ఊరి వర్ణన, వంశ కథ ఉంటాయి. అవి కంటితో చదవడానికి బాగుంటాయి, చెవికి బరువవుతాయి. నియమం మొదటిసారి ఆ ఇద్దరినీ నొప్పించే చోటును వెతకండి. మాటలు ఎక్కువగా, వర్ణన తక్కువగా ఉన్న చోటు. మన చెరువు కథలో అయితే ఇలాంటిది:

"ఇయ్యాల ఏం మర్చిపోయినవ్?" అన్నాడతను మెట్ల మీద కూర్చుంటూ. అతని ఉత్తరీయం నుంచి నీళ్లు కారి కింది మెట్టు మీద పడుతున్నాయి.

ఆమె చాలాసేపు ఆలోచించింది. అమ్మ గొంతు గుర్తుంది. నాన్న నేర్పిన తూము లెక్క గుర్తుంది. ఇంటికి దారి గుర్తుంది.

"ఏమో," అంది. "మర్చిపోయింది ఏందో మర్చిపోయినోళ్లకు ఎట్ల తెలుస్తది?"

అతను జవాబు చెప్పలేదు. అతనికి తెలిసింది.

ఇక్కడ ఆపేయాలి. తర్వాతి పేరాలో ఆమె ఏం మర్చిపోయిందో ఉంటుంది. అది చదవకూడదు. కాగితం మీద ఆ తర్వాతి వాక్యం కనిపిస్తే నోరు ఆగదు కాబట్టి, చదివే ప్రతిలో దాన్ని ఉంచనే వద్దు. ఆపాక వెంటనే "ఇక ప్రశ్నలు అడగండి" అనకండి. నాలుగు క్షణాలు ఊరుకోండి. ఆ మౌనంలోనే చాట్‌లో మొదటి మాటలు పడతాయి.

చదవడం గురించి కొన్ని చిన్న విషయాలు. పెద్ద అక్షరాలతో ప్రింటు తీసుకోండి, లైవ్ నడుస్తున్న ఫోన్‌లోనే చదవాలనుకోవద్దు. ఊపిరి తీసుకునే చోట పెన్సిలుతో గీత పెట్టుకోండి. నాలుగు పదాలు కలిసిన సమాసం ఉంటే చదవడానికి మాత్రం విడగొట్టుకోండి. పాత్ర వరంగల్ యాసలో మాట్లాడితే అదే యాసలో చదవండి, మొహమాటపడి పత్రికా భాషలోకి మార్చకండి. ఆ యాస మీ ఇంటిది కాకపోతే, ఆ ప్రాంతం వాళ్లకు ముందే వినిపించి సరిచేయించుకోండి. ముందురోజు ఒకసారి రికార్డు చేసి వినండి. ఎక్కడ వేగం పెరిగిందో చెవికి వెంటనే తెలుస్తుంది.

6. పక్కన ఒక మనిషి

ఒంటరిగా లైవ్ నడపొద్దు. చాట్ చూస్తూ, ప్రశ్నలు ఏరుతూ, చెడ్డ మాటలు తీసేస్తూ, కథ గురించి మనసు పెట్టి మాట్లాడటం ఒకే మనిషి వల్ల కాదు. మీ తొలి పాఠకుల్లో నెమ్మదస్తురాలు ఒకామెను అడగండి. యూట్యూబ్‌లో ఆమెను మోడరేటర్‌గా పెట్టండి, ఒకరే వెంటవెంటనే కామెంట్లు పెట్టకుండా ఆపే స్లో మోడ్ ఆన్ చేయండి, నిషేధించిన పదాల జాబితాలో తెలుగు బూతులను తెలుగు లిపిలోనూ ఇంగ్లీషు అక్షరాల్లోనూ రాసి పెట్టండి. మనవాళ్లు రెండు రకాలుగానూ టైపు చేస్తారు.

ఆమెకు మూడు పనులు అప్పజెప్పండి: ప్రశ్నను పేరుతో సహా చదవడం, గుట్టు విప్పే కామెంటు వస్తే తీసేయడం, సమయం గుర్తుచేయడం. సీరియల్‌గా ముందే కొన్ని భాగాలు వచ్చి ఉంటే, చదివినవాళ్లు ఉత్సాహంలో చాట్‌లో కథ చెప్పేస్తుంటారు. వాళ్ల మీద కోప్పడొద్దు. "దయచేసి చదవనివాళ్ల కోసం ఆ సంగతి దాచండి" అని ఆమె రాస్తే చాలు.

పిలుపుల సంగతి కూడా ముందే అనుకోండి. పాఠకులు మిమ్మల్ని అక్కా అంటారు, అన్నా అంటారు, మేడమ్ అంటారు. ఏది అన్నా తీసుకోండి. మీరు మాత్రం ప్రతి ఒక్కరినీ పేరు పక్కన గారు చేర్చి, మీరు అనే పిలవండి. ఇంటర్ చదివే అమ్మాయి అయినా సరే. పేరు ఎలా పలకాలో తెలియకపోతే అడిగి పలకండి.

7. ఆ గంట

మొదటి ఐదు నిమిషాలు జనం వస్తుంటారు. "వినబడుతోందా, కనబడుతోందా" అంటూ ఆ సమయం పోగొట్టుకోవద్దు. ఎవరు ఏ ఊరి నుంచో అడగండి. కరీంనగర్, కాకినాడ, బళ్లారి, డల్లాస్ అంటూ పేర్లు పడుతుంటే చదవండి. ఆ కాసేపట్లోనే పరాయితనం పోతుంది. ఆ వెంటనే మీ నాలుగు వాక్యాలు, తర్వాత ఈ కథ మీలో ఎక్కడ పుట్టిందో రెండు మూడు నిమిషాలు. పదిహేనో నిమిషానికి చదవడం మొదలుపెట్టాలి. ఇరవయ్యో నిమిషం నుంచి అంతా ప్రశ్నలే. ముందుగా ఫారమ్‌లో వచ్చిన రెండు మంచి ప్రశ్నలు తీసుకోండి, అవి చూసి మిగతావాళ్లు ధైర్యం చేస్తారు. ఒక్కో జవాబు రెండు నిమిషాలు దాటొద్దు.

ప్రీ ఆర్డర్ మాట రెండుసార్లే చెప్పండి, చదివిన వెంటనే ఒకసారి, ముగించేముందు ఒకసారి. ధర, లింకు, విడుదల తేదీ స్పష్టంగా చెప్పండి. ధర చెప్పేటప్పుడు గొంతు తగ్గించొద్దు. మీరు నెలల తరబడి చేసిన పనికి అది వెల.

8. తప్పకుండా వచ్చే ప్రశ్నలు

"చివరికి కలుస్తారా?" ప్రేమకథ చదివేవాళ్లకు ఇది ప్రాణం. ముగింపు చెప్పక్కర్లేదు. కానీ నవల రెండు భాగాలైతే, మొదటి భాగం ఎడబాటు దగ్గర ఆగిపోతే, ఆ మాట ఇప్పుడే చెప్పండి. "ఇది రెండు భాగాల కథ, మొదటిది పెద్ద ప్రశ్నతో ఆగుతుంది, రెండోది ఫలానా సమయానికి వస్తుంది" అనండి. తెలిసి కొన్నవాళ్లు రెండో భాగం కోసం ఎదురుచూస్తారు. తెలియక కొన్నవాళ్లు మోసపోయామనుకుంటారు, వాళ్లు అనుకోవడంలో తప్పులేదు. దీన్ని చెబితే అమ్మకాలు తగ్గుతాయని సలహా ఇచ్చేవాళ్లుంటారు. వినొద్దు.

"ఇదంతా నిజంగా జరిగిందా?" చరిత్ర నీడలో రాసినప్పుడు ఈ ప్రశ్న వచ్చి తీరుతుంది. ఏది చరిత్రో ఏది మీ కల్పనో గీత గీసి చెప్పండి. పాలంపేటలో రామప్ప గుడిని 1213లో కాకతీయ రాజు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు, గోపురంలో నీళ్ల మీద తేలేంత తేలికైన ఇటుకలు వాడారు, 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది, పక్కనే చెరువుంది. ఇవన్నీ నిజాలు. గంధర్వుడు, జ్ఞాపకాలు మింగే నీళ్లు మీవి. "ఆ చెరువును చూసి ఈ చెరువును ఊహించాను, రాజ్యానికి అందుకే వేరే పేరు పెట్టాను" అంటే ఎవరూ నొచ్చుకోరు. కల్పనను చరిత్రగా చెబితే మాత్రం రేపు ఎవరో పిల్లలు అదే నిజమని నమ్ముతారు. మన ప్రాంతాల చరిత్ర మీద ప్రేమ ఉన్నవాళ్లు ఆ పని చేయకూడదు.

"ఇలాంటివి ఇంగ్లీషు పుస్తకాలు చూసి రాస్తున్నారా?" కొంచెం దెప్పినట్టు ఉంటుంది, అయినా మంచి ప్రశ్న. ఇంగ్లీషు నవలలు చదివి ఉంటే చదివానని ఒప్పుకోండి, అందులో నామోషీ లేదు. ఆ తర్వాత మనుచరిత్ర గుర్తుచేయండి. 16వ శతాబ్దంలో అల్లసాని పెద్దన రాసిన కావ్యం. ప్రవరుడు కాళ్లకు సిద్ధుడిచ్చిన పసరు రాసుకుని హిమాలయాలకు వెళ్తాడు. మంచు నీళ్లకు పసరు కరిగిపోతుంది, ఇంటికి వెళ్లే దారి ఉండదు. అక్కడ వరూధిని అనే అప్సరస అతన్ని ప్రేమిస్తుంది, అతను కాదంటాడు. ఆమె అంతకుముందు తిరస్కరించిన గంధర్వుడు ప్రవరుడి రూపంలో ఆమె దగ్గరికి వస్తాడు. మాయకు ఒక నియమం, ఆ నియమం వల్ల చిక్కు, చిక్కులో పడ్డ ప్రేమ. మన పాఠకులకు ఈ రకం కథ ఐదు వందల ఏళ్లుగా తెలుసు. రెండు నిమిషాల్లో ఇది చెబితే, కొత్తగా వచ్చినవాళ్లు కూడా మీ నవలను తమదిగా చూడటం మొదలుపెడతారు.

"ఈ సీన్లు మీ సొంత అనుభవమా?" ఆడవాళ్లు ప్రేమకథ రాస్తే ఈ ప్రశ్న వస్తుంది, మగవాళ్లకు తక్కువ వస్తుంది. నవ్వి ఊరుకోవాల్సిన అవసరం లేదు. "నా జీవితం గురించి మాట్లాడను, పాత్రల గురించి ఎంతసేపైనా మాట్లాడతాను" అని ఒక్కసారి చెప్పి తర్వాతి ప్రశ్నకు వెళ్లండి. మళ్లీ అదే వస్తే పక్కనున్నామె బ్లాక్ చేస్తుంది, దానికి మీ అనుమతి అడగక్కర్లేదని ముందే అనుకుని ఉండాలి. మీరు ఉండే కాలనీ, పిల్లల బడి, ఆఫీసు పేరు మాటల్లో దొర్లకుండా చూసుకోండి. వెనక కిటికీలోంచి వీధి కనబడకుండా కూర్చోండి.

"మా అమ్మాయి పదో తరగతి, చదవచ్చా?" సూటిగా చెప్పండి. శృంగారం ఎంతుందో, హింస ఎంతుందో, ఎన్నేళ్లు దాటినవాళ్లకు రాశారో. పెద్దలకు రాసిన పుస్తకమైతే "ఇది 18 దాటినవాళ్లకు" అని చెప్పడానికి వెనుకాడొద్దు. అడిగిన తల్లి మీ మీద నమ్మకంతో అడిగింది.

"పోయిన నవలలో అతను ఆమె మాట వినకుండా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాడు, నాకు నచ్చలేదు." ఇది ప్రశ్న కాదు, కానీ అన్నిటికన్నా విలువైనది. వాదించొద్దు. ఆ పాఠకురాలు మీ పాత్రను మనిషిగా చూసింది కాబట్టే బాధపడింది. ఆ సన్నివేశం అప్పుడు ఎందుకలా రాశారో చెప్పండి, ఈ నవలలో ఆమె ఇష్టానికి ఎంత చోటుందో చెప్పండి. మన చెరువు కథలో అయితే అదే అసలు విషయం: అతను గట్టెక్కితే పోయేది ఆమె జ్ఞాపకం. అంటే రమ్మనే హక్కు ఎవరిది? ఈ ప్రశ్నను పాఠకులకే ఇచ్చి చూడండి, చాట్ ఆగదు.

"పీడీఎఫ్ ఫ్రీగా పెడతారా?" ఇదీ వస్తుంది. "మొదటి అధ్యాయం ఉచితం, మిగతా పుస్తకం కొనాలి. కొనలేని పరిస్థితి ఉంటే మీ ఊరి గ్రంథాలయంలో అడగండి" అని చెప్పండి. గ్రూపుల్లో పీడీఎఫ్ పంచితే రెండో భాగం అచ్చు కాదన్న సంగతి కూడా మెత్తగా చెప్పాలి, అది నిజం కాబట్టి.

"ఏఐతో రాయించారా?" ఈ మధ్య మొదలైంది. ఏది వాడారో, ఏది వాడలేదో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. చేతిరాత ప్రతి, కొట్టివేతలతో నిండిన పేజీ ఉంటే కెమెరాకు చూపించండి. పాఠకులకు అలాంటి పేజీ చూడటమంటే ఎంత ఇష్టమో చెప్పలేను.

9. కరెంటు, నెట్, టెన్షన్

ఇంటర్నెట్ ఆగిపోతే ఏం చేయాలో పక్కనున్నామెకు ముందే తెలియాలి. ఆమె ఇంకో ఊళ్లో, ఇంకో కనెక్షన్ మీద ఉంటే మంచిది. మీరు మాయమైనా ఆమె రెండు నిమిషాలు నడిపిస్తుంది. ఫోన్‌లో మొబైల్ డేటా సిద్ధంగా ఉంచుకోండి, బ్యాటరీ నిండా ఉండాలి, కాల్స్ రాకుండా డూ నాట్ డిస్టర్బ్ పెట్టండి. మొదటి నిమిషంలో గుండె దడదడలాడటం సహజం. అందుకే మొదటి రెండు వాక్యాలు కంఠస్థం చేయండి. అవి దాటితే మాట తనంతట తనే సాగుతుంది.

10. అయిపోయాక

ఆ రాత్రే వచ్చినవాళ్లకు కృతజ్ఞతలు రాయండి, రికార్డింగు లింకు పెట్టండి. చదివిన ఐదు నిమిషాల భాగాన్ని విడిగా కత్తిరించి మర్నాడు పెట్టండి. విడుదల దాకా ఎక్కువమంది చూసేది ఆ ముక్కనే. జవాబు చెప్పలేకపోయిన ప్రశ్నల్లో మంచివి ఎంచి రోజుకొకటి చొప్పున రాతలో జవాబివ్వండి.

విన్నవాళ్ల మాటలు పట్టుకుని ప్రూఫు దశలో కథ మార్చకండి. ఒక పక్క పాత్ర గురించి అందరూ అడిగితే ఆ సంగతి రెండో భాగం నోట్స్‌లోకి వెళ్లాలి. తేదీ తప్పు, ఊరి పేరు తప్పు ఎవరైనా పట్టుకుంటే మాత్రం వెంటనే ప్రచురణకర్తకు చెప్పి దిద్దించండి.

ఇంకొక పని మిగిలింది. విడుదలైన మూడు వారాలకు రెండో ముచ్చట ఉంటుందని, అది పుస్తకం చదివినవాళ్ల కోసమేనని, అందులో ముగింపు గురించి కూడా దాచకుండా మాట్లాడతానని ఇప్పుడే తేదీతో సహా ప్రకటించండి. మీ కాగితంలో కుడివైపు రాసుకున్న ప్రశ్నలు ఎవరెవరు అడిగారో పేర్లతో రాసి ఉంచుకోండి. ఆ రోజు ముందుగా వాళ్లనే పిలవాలి.